మూడు నల్ల గ్లాసులు

లెనోరా గాందోల్ఫీ ముప్పై ఒక్క ఏళ్లపాటు ఉదయం పదకొండు దాటకుండా కాఫీ ముట్టలేదు. పెదవులకు రంగు పూయలేదు, సెంటు కొట్టుకోలేదు. పేస్టుతో తోమితే నాలుక మొద్దుబారుతుందని ఉత్త ఉప్పుతో పళ్లు తోముకునేది. కట్టుకున్నవాడు వెల్లుల్లి లేనిదే ముద్ద దిగని మనిషి. నాలుగేళ్లు ఓర్చుకుని, ఆయన తన వెల్లుల్లి తాను తీసుకుని శాక్రమెంటో వెళ్లిపోయాడు. "మొగుళ్లు దొరుకుతారు, నాలుక దొరకదు" అని అప్పట్లో తమ్ముడు ఆల్దోతో పెద్ద గొప్పగా అంది. మొగుడు మళ్లీ దొరకలేదు. ఆ సంగతి ఆల్దో ఎప్పుడూ ఎత్తలేదు, అదే గొప్ప.

ఇంత తపస్సు దేనికంటే, వైన్ రుచి చూసి మంచిచెడ్డలు చెప్పడం ఆవిడ ఉద్యోగం. క్లోవర్‌డేల్ ఊరికి ఉత్తరాన నది మలుపు తిరిగే చోట పెన్నాక్ వాళ్ల వైనరీ ఉంది. పంతొమ్మిదో ఏట అక్కడ సీసాలకు లేబుళ్లు అంటించే పనికి చేరింది. మూడేళ్లయ్యాక ఒకరోజు బిరడాల పెట్టె విప్పగానే ముక్కు చిట్లించి, "వీటికి తడిసిన న్యూస్‌పేపర్ కంపు కొడుతోంది" అంది. మేస్త్రీ నవ్వాడు. పక్కవాళ్లూ నవ్వారు. పెద్ద పెన్నాక్ మాత్రం నవ్వకుండా వాటిలో పది బిరడాలు తెప్పించి, పది సీసాలకు బిగించి, నెల తర్వాత విప్పి చూశాడు. తొమ్మిది పాడయ్యాయి. ఆ సాయంత్రమే లెనోరాను లేబుళ్ల దగ్గర్నుంచి లేపి, తెల్లకోటు తొడిగించి, రుచి గదిలో కూర్చోబెట్టాడు. మళ్లీ లేవలేదు.

ఆవిడ పని చూడటం ఒక ముచ్చట. ముందు తెల్లవి, ఆ తర్వాతే ఎర్రవి. తెల్లకాగితం మీద గ్లాసు వంచి రంగు చూసేది. ఒక్క తిప్పు తిప్పి ముక్కు పూర్తిగా లోపలికి దించేది. గుక్కెడు నోట్లో పోసుకుని, పెదాల సందులోంచి గాలి లాగి, బుగ్గల్లో పుక్కిలించి, నాలుగడుగుల దూరంలో ఉన్న బకెట్లోకి చుక్క చిందకుండా ఉమ్మేది. ఆ తర్వాత ఇరవైకి ఇన్ని అని మార్కు. పచ్చిగడ్డి, దబ్బతొక్క వాసన కొట్టే సొవిన్యాన్ బ్లాంక్ అనే తెల్లవైన్‌కి పదహారు వేసిందంటే దాన్ని ఇంకెవరూ పదిహేను చేయలేరు. ఓక్ పీపాలో అతిగా నానబెట్టిన షార్డనే తెస్తే, "ఇది వైనా, వెన్న రాసిన బల్లా?" అని వెనక్కి పంపేది. ఓసారి శాన్ ఫ్రాన్సిస్కో నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన ఎర్ర వైన్ చప్పరించి, కళ్లు మూసుకుని, "పాత జీను తోలు... తొలకరి వాన..." అన్నాడు. "మరి గుర్రం ఏమైందండీ?" అని అడిగింది లెనోరా. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అంటే ఆవిడకు ఒళ్లు మంట. "రుచి ఒక్కటే. తెలిసిన నాలుకలూ, తెలియని నాలుకలూ ఉంటాయి, అంతే" అనేది.

ఆ గది గోడమీద ఆవిడ చేతిరాతతోనే నియమాల కాగితం ఒకటి అంటించి ఉండేది. పాతబడి అంచులు పసుపెక్కాయి. మన సొంత మనుషుల తోట సరుకని గుర్తుపడితే గ్లాసు కింద పెట్టి బయటికి వెళ్లాలి అన్నది అందులో ఒకటి. అన్నిటికంటే కింద, రెండు గీతలు కొట్టి మరీ, మూడు గ్లాసుల పరీక్ష గురించి రాసింది. మూడు నల్ల గ్లాసుల్లో పోస్తారు. రెండింట్లో ఒకటే సరుకు, మూడోదాంట్లో వేరు. వేరుగా ఉన్నది ఏదో చూపించాలి. "ఏదో ఒకటి చూపించి తీరాలి. తెలియదు అనే జవాబు లేదు. ఒక్కసారి కుదిరితే గాలివాటం, ఆరుసార్లు చేయాలి." కొత్తగా చేరిన పిల్లలు ఎవరైనా "తెలియట్లేదండీ" అంటే, ఆవిడ మాట్లాడకుండా ఆ కాగితం వైపు వేలు చూపించేది.

తమ్ముడు ఆల్దోకి పాత రైలుపట్టాల పక్కన తాతలనాటి జిన్ఫండెల్ తోట ఉంది. ఎర్రద్రాక్ష. ఏటా పెన్నాక్ వాళ్లకే అమ్మేవాడు, నాలుగు సీసాల వైన్ ఇంట్లోకి చేసుకునేవాడు. క్రిస్మస్ భోజనం దగ్గర అక్క ముందు సీసా పెట్టేవాడు. అక్క చప్పరించి ప్రతి ఏడూ "పద్నాలుగు" అనేది. "పండగపూట కూడా పదిహేను రాదా అక్కా?" అంటే, "పండగ నీకు, నా నాలుక్కి కాదు" అనేది. ఇరవై ఆరు క్రిస్మస్‌లు అలాగే గడిచాయి. ఆవిడకు ఆ తమ్ముడి మీద ప్రాణం. కానీ ప్రాణం వేరు, మార్కు వేరు అనుకుని, ప్రాణం సంగతి ఎప్పుడూ అతనితో చెప్పలేదు.

ఆ ఏడాది ఆగస్టులో వాన లేకుండా పడ్డ పిడుగులకు దూరాన సరస్సు వెనక కొండలు అంటుకున్నాయి. పద్దెనిమిది రోజులు లోయ మీద పొగ కదలకుండా కూర్చుంది. మంట తోటలదాకా రాలేదు కానీ పొగ వచ్చింది, అది చాలు. పొగ పట్టిన ద్రాక్ష పైకి ఏమీ చెప్పదు. పండు తియ్యగానే ఉంటుంది, వైన్ వాసన కమ్మగానే ఉంటుంది. గుక్కెడు నోట్లో ఉంచుకుని పది లెక్కపెట్టాక, ఉమ్మి కలిసి, అప్పుడు నాలుక వెనకనుంచి బూడిద లేస్తుంది. ఆరిన కుంపటి నాకినట్టు ఉంటుంది. తెల్లవైన్‌కి పొట్టు వెంటనే తీసేస్తారు కనక అది చాలావరకు తప్పించుకుంటుంది. ఎర్రది రోజుల తరబడి పొట్టుతోనే పులుస్తుంది కనక ఆ పొగంతా తాగేస్తుంది.

లాబుల్లో రిపోర్టుకి ఆరువారాలు అన్నారు. ద్రాక్ష ఆరు రోజులు ఆగదు. అందుకని లోయలో రైతులందరూ ఒక్కో బకెట్ పళ్లు కోసి, చేత్తో పిసికి, వారం పులియబెట్టి వైనరీకి పంపారు. బకెట్ మీద పేరు ఉండదు, అంకె మాత్రమే. ఆ బకెట్ నాలుకకు నచ్చితే తోట అమ్ముడైనట్టు, నచ్చకపోతే పళ్లు పక్షులకు. లెనోరా ఎక్కువ రోజులు తెల్లద్రాక్ష పిండే చోట ఉండిపోయింది. ఎర్ర బకెట్లు చాలావాటిని ఆవిడ చేతికింద పనిచేసే మారిసెల్ చూసింది. మారిసెల్ చదువుకున్న పిల్ల, నెమ్మదస్తురాలు, లెనోరాను మర్యాదగా దోన్యా అని పిలిచేది. ఎనిమిది తోటల ఎర్ర బకెట్లు తిప్పి పంపింది. పన్నెండేళ్ల కిందట కూడా ఒకసారి ఇలాగే పొగ పట్టింది కానీ, అప్పుడు లెనోరా కాలు విరిగి మంచంలో ఉంది. ఆవిడ నాలుక మీద ఈ బూడిద ఇంతవరకు ఎప్పుడూ పడలేదన్న సంగతి ఎవరికీ తట్టలేదు. ఆవిడకూ తట్టలేదు.

సెప్టెంబర్లో ఒక గురువారం ఇద్దరూ కలిసి కూర్చున్నారు. తొమ్మిది తెల్లవి చూశారు, అన్నీ బాగున్నాయి. ఎర్రవాటిలో రెండు పొగ సోకని దక్షిణం వైపువి. మూడోది పచ్చి కాప్సికం వాసన. లెనోరా నోట్లో పోసుకోకుండానే పక్కకు నెట్టింది. నాలుగోది ఇరవై ఏడో నంబరు. గ్లాసులో ముక్కు పెట్టగానే నల్లరేగు, మిరియం, వాటి వెనక సన్నగా సోపు గింజ తెలిసింది. రైలుపట్టాల వెంబడి అడవిసోపు మొలిచే తోట లోయలో ఒక్కటే.

అప్పుడే గ్లాసు కింద పెట్టి బయటికి వెళ్లాలి. తాను రాసిన నియమమే. వెళ్లలేదు. గుక్కెడు తాగింది, ఉమ్మింది, మళ్లీ తాగింది. ఇరవై ఆరేళ్లుగా తమ్ముడు చేయలేనిది ఈ ఏడు చేశాడు. కాపు తక్కువై, పండు చిక్కనై, వైన్ ఎంత బాగుందంటే ఆవిడకు కళ్లలో నీళ్లొచ్చాయి.

"పదిహేడు" అంది.

మారిసెల్ గుక్క ఉమ్మేసి ఆగింది. మొహం ముడుచుకుంది. "దోన్యా, చివర్లో ఏదో ఉంది. నాలుక వెనకాల. ఆరిన పొయ్యిలాగా."

లెనోరా మళ్లీ నోట్లో పోసుకుంది. పది లెక్కపెట్టింది, ఇరవై లెక్కపెట్టింది. రేగు, మిరియం, సోపు. "పొద్దున ఏం తిన్నావ్?"

"గుడ్డు బరీటో."

"రొట్టె మాడిందా?"

"కొంచెం మాడింది..."

"అదీ సంగతి. నీ టిఫిన్ తెచ్చి జనం ద్రాక్షల మీద రుద్దకు. రాయి, పదిహేడు."

మారిసెల్ రాసింది. ముప్పై ఏళ్ల నాలుక ముందు మూడేళ్ల నాలుక ఏం వాదిస్తుంది?

ఫిబ్రవరిలో బయటపడింది. అప్పటికే లెనోరా మాటమీద ఆల్దో సరుకును దక్షిణం తోటల సరుకుతో కలిపి పెద్ద ట్యాంకు నింపేశారు. కొనుగోలుదార్లు నలుగురు వచ్చి, చప్పరించి, పది లెక్కపెట్టేలోపు నలుగురూ ఒకేలా మొహాలు పెట్టారు. ఒకాయన మంచినీళ్లు అడిగాడు. ట్యాంకు మొత్తం బూడిద. ఇరవై ఏడో నంబరు ఎవరిదో సాయంత్రానికి లోయంతా తెలిసింది. కంచే చేను మేసిందన్నారు. బకెట్ తిరిగొచ్చిన రైతు ఒకడు పోస్టాఫీసు మెట్ల మీద ఆల్దోని ఆపి, "మాకూ ఒక అక్క ఉంటే బాగుండేదోయ్, బూడిద కూడా బెల్లమయ్యేది" అన్నాడు. ఆల్దో ఉత్తరాలు తీసుకోకుండానే ఇంటికి వెళ్లిపోయాడు.

పెద్ద పెన్నాక్ పోయాక వైనరీ చూసుకుంటున్నది కొడుకు కర్టిస్. చిన్నప్పుడు లెనోరా పక్కన స్టూలెక్కి నీళ్లు ఉమ్మడం నేర్చుకున్నవాడు. ఆవిడను రుచి గదిలో కూర్చోబెట్టి, తలుపు మూశాడు. మారిసెల్ కూడా ఉంది.

"అది ఆల్దో సరుకని నీకు తెలుసా, లెనోరా?"

"తెలుసు."

"మరి బయటికి ఎందుకు వెళ్లలేదు?"

"బాగుంది కనక."

కర్టిస్ ట్యాంకు వైన్ గ్లాసులో పోసి ముందు పెట్టాడు. ఆవిడ తాగింది, లెక్కపెట్టింది, ఉమ్మింది. "ఇప్పుడూ బాగానే ఉంది."

"నన్ను వెర్రివాణ్ని చేయకు. మా ఇంటి కుక్క కూడా దీన్ని ముట్టట్లేదు."

"కుక్కని అడిగే మార్కులేయించు, మరి."

మారిసెల్ మధ్యలోకి వచ్చింది. గొంతు తగ్గించి, ఎంతో జాగ్రత్తగా చెప్పింది. "కాలేజీలో మాకు చెప్పారు దోన్యా. ఈ బూడిద అందరికీ తెలియదట. నలుగురైదుగురిలో ఒకరికి అసలు తెలియదట. ఉమ్మిని బట్టి ఉంటుందట. అది తప్పు కాదు. కొందరి కళ్లకు కొన్ని రంగులు తెలియవు చూడండి, అలాగే."

ఆ పిల్ల తాడు విసిరింది, పట్టుకుని ఒడ్డెక్కమని. లెనోరాకు అది చెంపదెబ్బలా తగిలింది. కర్టిస్ మాత్రం ఊపిరి పీల్చుకున్నాడు.

"అదే నిజమైతే నాకంటే సంతోషించేవాడు లేడు. లోయలో నేనే చెప్తాను, లెనోరా అబద్ధమాడలేదు, ఆమె నాలుకకు అది అందదు అని. తెల్లవి నీకే, నువ్వు చాలనేదాకా. ఎర్రవి మారిసెల్ చూస్తుంది. ఆల్దో దగ్గర వచ్చే ఏడు కూడా కొంటాను. మూడు గ్లాసులు పెడదాం. నీకు తెలియకపోతే చాలు. తెలిస్తే మాత్రం నువ్వూ వద్దు, ఆల్దో సరుకూ వద్దు."

వినండి, ఎంత తేలికో! ఓడిపోతే చాలు. పరువు, ఉద్యోగం, తమ్ముడి తోట, మూడూ దక్కుతాయి. గెలిస్తే మూడూ పోతాయి. పైగా ఓడిపోవడానికి ఆవిడ నటించక్కర్లేదు కూడా.

మారిసెల్ తెర వెనక్కి వెళ్లి సిద్ధం చేసింది. కిందటేటి మంచి ఎర్ర వైన్ మూడింట్లోనూ పోసి, ఒకదాంట్లో పొగపట్టిన పొట్టు రసం, మిగతా రెండింట్లో మంచి పొట్టు రసం అంతే కొలిచి కలిపింది. వాసనలో తేడా లేదు, నల్ల గ్లాసుల్లో రంగు కనపడదు. నోటికే తెలియాలి.

మొదటిది తాగింది. రెండోది, మూడోది. మళ్లీ మొదటిది. మూడూ ఒక్కటే. వెతికింది, నాలుక కిందా పైనా వెతికింది. ఎక్కడా ఏమీ లేదు. ముప్పై ఒక్క ఏళ్లలో మొదటిసారి లెనోరాకు భయమేసింది. ఉమ్మడం మరిచిపోయి మింగేసింది. మారిసెల్ చెప్పింది నిజమేనని ఆవిడకు ఆ మింగడంలోనే తెలిసిపోయింది. గురివింద గింజ తన కింది నలుపు ఎరగదంటారు. ఆవిడ ఆ క్షణాన ఎరిగింది.

"తెలియట్లేదు" అన్న మాట పెదాల దాకా వచ్చింది. తల ఎత్తితే ఎదురుగా గోడమీద తన చేతిరాతే ఉంది. చెయ్యి తనంతట తానే లేచి మధ్య గ్లాసును చూపించింది.

కర్టిస్ గ్లాసు ఎత్తి అడుగున చూశాడు. మారిసెల్ పొగ గ్లాసుకు గుర్తుగా పెట్టిన ఎర్ర చుక్క ఉంది. అదే.

"ఒక్కసారి కుదిరితే గాలివాటం" అంది మారిసెల్ గబగబా. "ఇంకా ఐదు ఉన్నాయి. దోన్యా రాసిన నియమమే అది."

కర్టిస్ ఆవిడ వైపు చూశాడు. ఆ చూపులో, కోపం కిందనుంచి, స్టూలెక్కిన చిన్న కుర్రాడి ఆశ్చర్యం ఒక్క రెప్పపాటు కనపడింది. "చేద్దామా లెనోరా? లేక ఇది చాలా?"

ఇంకా ఐదు వరసల గ్లాసులు. ఐదుసార్లు గుడ్డిగా వేలు పెట్టడం. ఈ పిల్ల ముందు, ఈ గోడ ముందు, తప్పు, తప్పు, తప్పు అనిపించుకోవడం. గుండెలో ఏదో పొంగింది. గెలిచాననే పిచ్చి సంతోషం అది, ఇంకేమీ కాదు.

"చాలు" అంది. "నా నాలుక్కి ఒక్కటి చాలు."

కర్టిస్ గ్లాసును మెల్లగా బల్లమీద పెట్టాడు.

"అంటే తెలుస్తుందన్నమాట. సెప్టెంబర్లోనూ తెలిసిందన్నమాట."

ఎంత పిచ్చి మనిషి! అప్పటికైనా ఒక్క మాట, గుడ్డిగా చూపించాను, ఆ ఐదూ తీసుకురండి అని ఒక్క మాట అంటే సరిపోయేది. నోరు మంచిదైతే ఊరు మంచిది. ముప్పై ఏళ్లు ఉప్పుతో తోమి కాపాడుకున్న ఆ నోరు అప్పుడు తెరుచుకోలేదు. ఆవిడ లేచి తెల్లకోటు విప్పి కుర్చీకి తగిలించింది. తాళంచెవి బల్లమీద పెట్టింది.

మారిసెల్ కారు దాకా పరుగెత్తుకొచ్చింది. "దోన్యా, గ్లాసులు పోసే ఉన్నాయి. ఐదు నిమిషాలు. రండి, దయచేసి."

"పారబొయ్."

"మీకు నిజంగా తెలిసిందా?"

"నేను చెప్పింది విన్నావుగా" అని తలుపు వేసుకుంది.

కర్టిస్ తాను అన్నమాట ప్రకారమే చేశాడు. అక్క అబద్ధమాడింది కనక తమ్ముడి దగ్గర కొననన్నాడు. అది విని మిగతా వైనరీలూ కొనలేదు. ఆల్దో తోటలో కింద సగం తీసేయడానికి మనుషుల్ని మాట్లాడుకున్నాడు. తాత నాటిన తీగలు.

ఒక ఆదివారం మధ్యాహ్నం అక్కను భోజనానికి పిలిచాడు. మొక్కజొన్న రవ్వతో పొలెంటా కలిపాడు, కుందేలు వండాడు, అక్క కోసమని వెల్లుల్లి వేయలేదు. ఇక వేసినా ఫర్వాలేదని చెప్పడానికి ఆవిడకు మనసొప్పలేదు. తినడం అయ్యాక, ఇంట్లోకని దాచుకున్న ఆ ఏటి వైన్ సీసా ఒకటి తీశాడు.

"అక్కా, నువ్వు రాయివి అనుకున్నాను ఇన్నేళ్లూ" అన్నాడు. "పండగపూట ఒక్క మార్కు వేయనిదానివి, నా కోసం ముప్పై ఏళ్ల పేరు పోగొట్టుకున్నావు."

"లేదు ఆల్దో. నాకు తెలియలేదు. నా నాలుక్కి ఆ బూడిద తెలియదు. ఆ గ్లాసు గుడ్డిగా చూపించాను."

ఆల్దో నవ్వాడు. "నా దగ్గర కూడానా? లోయలో ఎవరు నమ్ముతారే ఆ మాట?"

"అమ్మ మీద ఒట్టు."

"సరే, సరే. తెలియలేదు. అలాగే అందాం." ఆవిడ చేతిమీద చెయ్యి వేసి రెండుసార్లు తట్టాడు. అతను ఆవిడను అలా ముట్టుకోవడం అమ్మ పోయిననాటి తర్వాత ఇదే. ఆ చెయ్యి ఆవిడ కావాలనుకుంది. ఆ చెయ్యి ఎందుకు వచ్చిందో తలచుకుంటే తీసేయాలనిపించింది. తీయలేదు.

"ఇప్పుడు చెప్పు, మనిద్దరమే ఉన్నాం. ఎన్ని మార్కులు?" అంటూ రెండు గ్లాసుల్లో పోశాడు.

ముక్కు పెట్టింది. రేగు, మిరియం, పట్టాల పక్క సోపు. నోట్లో పోసుకుని పది లెక్కపెట్టింది, ఇరవై లెక్కపెట్టింది, ముప్పై దాకా ఆగింది. రావాలని కోరుకుంది ఈసారి. రాలేదు. ఆ ఇంట్లో తాత కాలంనుంచి ఇంత మంచి వైన్ ఎవరూ చేయలేదు.

"పదిహేడు" అంది.

ఆల్దో కళ్లు తుడుచుకుని, "అక్కవంటే నువ్వే" అందామనుకున్నాడు కానీ నోటినిండా ఆ వైనే ఉంది. లేచి సింకు దగ్గరికి వెళ్లి, గుక్క మొత్తం ఉమ్మేసి, కొళాయి తిప్పి రెండుసార్లు పుక్కిలించి, అప్పుడు ఆ మాట అన్నాడు.